రిపేరుకిచ్చిన కారు పాడై వస్తే: 1915 హెల్ప్‌లైన్, వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు... ఏది మేలు?

సర్వీసులో ఇంజన్ ఆయిల్ మార్చారు, అడుగున నట్టు సరిగ్గా బిగించలేదు. దారిలో ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసింది. సర్వీసు బిల్లు నాలుగు వేలు, కొత్తగా పడబోయే ఖర్చు లక్ష పైమాటే. మామూలు మోటారు బీమా ఇలాంటి యాంత్రిక లోపాలకు వర్తించదు. షెడ్డు యజమానేమో "మా దగ్గర బయలుదేరినప్పుడు బాగానే ఉంది" అంటాడు. ఈ మాట విన్నవారి కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆ కోపంలో తప్పు తలుపు తట్టకూడదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు, ఖర్చు లేదు. వారు ఫిర్యాదును సంస్థకు పంపి రాజీకి ప్రయత్నిస్తారు, ఆదేశించే అధికారం మాత్రం లేదు. పేరు పోతుందని భయపడే పెద్ద సర్వీసు సెంటర్ల మీద ఇది పనిచేయవచ్చు. వీధి చివరి షెడ్డు మీద నేను ఆశ పెట్టుకోను.

సివిల్ కోర్టుకు మూడేళ్ల గడువుంది. అయితే అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు, పైన వకీలు ఖర్చు. పదుల కార్లు తిప్పే ట్రావెల్స్ వారికి ఈ దారే మిగులుతుంది, ఎందుకంటే వ్యాపార అవసరానికి పొందిన సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదు. సొంత జీవనోపాధికి ఒక్క టాక్సీ నడుపుకునే డ్రైవరుకు ఆ అడ్డంకి లేదు. ఈ సంగతి తెలియక ఎవరూ వెనక్కి తగ్గకూడదు.

మిగిలినవారికి జిల్లా వినియోగదారుల కమిషనే మేలని నా అభిప్రాయం. 2019 చట్టం ప్రకారం ఫీజు లెక్కకు చూసేది మీరు చెల్లించిన సొమ్మునే, అడిగే పరిహారాన్ని కాదు. అది 5 లక్షల లోపైతే ఫీజే లేదు. విజయవాడలో చెడిన కారుకు, హైదరాబాదులో ఉంటున్నవారు హైదరాబాదులోనే ఫిర్యాదు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. చట్టం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలంటుంది. ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుంది, ఓపిక కావాలి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. 1915తో సంప్రదింపులు సాగుతున్నాయని అది ఆగదు.

ఏ దారి పట్టినా కేసు నిలిచేది రుజువు మీద. చాలామంది చేజేతులా పోగొట్టుకునేదీ దాన్నే. ఇంజన్ పట్టేయగానే మళ్లీ స్టార్ట్ చేయకండి. కింద కారిన ఆయిలును, వదులైన నట్టును, కిలోమీటర్ల రీడింగును ఫొటో తీయండి. కారును లాగించుకెళ్లి, పాత షెడ్డుతో సంబంధం లేని అనుభవజ్ఞుడితో లేదా బీమా సర్వేయరుగా పనిచేసే ఇంజనీరుతో పరీక్ష చేయించి, లోపానికి కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాతే ఇంజన్ విప్పించాలి. అరిగిన బేరింగులు, విరిగిన ముక్కలు చెత్తలో వేయనివ్వకండి. జాబ్ కార్డు (కారు తీసుకునేటప్పుడు చేయాల్సిన పనులు రాసి షెడ్డు ఇచ్చే కాగితం), బిల్లు, ఫోనులోని సందేశాలు అన్నీ జతచేసి, పదిహేను రోజుల్లో పరిహారం ఇవ్వాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాబ్ కార్డే ఇవ్వని షెడ్డయితే, ఫోనులో డబ్బు చెల్లించిన వివరాలైనా దాచుకోండి, ఆ సేవకు మీరు సొమ్ము కట్టారని చూపేది అదే.