కౌంటర్ టికెట్ రివ్యూ: కాగితం ఉండనివ్వండి, అచ్చు మాత్రం మార్చండి

నేనైతే రైలు టికెట్ ఫోన్‌లోనే బుక్ చేసుకుంటా గానీ అమ్మానాన్నలకి మాత్రం ఇప్పటికీ కౌంటర్‌కెళ్లి ఫారం నింపి కాగితం టికెట్టే తెస్తా, ఛార్జింగ్ అయిపోద్దన్న గొడవ లేదు, మడిచి జేబులో పెట్టుకుంటే నాన్నకి ధీమా. ఇన్నేళ్లు వాడాక చెప్తున్నా, కాగితంతో నాకు ఏ పేచీ లేదు, దాని మీద అచ్చేసే పద్ధతితోనే.

పైన పీఎన్ఆర్, ట్రైన్ నంబరు, తేదీ, కిలోమీటర్లు, పెద్దలెంతమంది పిల్లలెంతమంది, టికెట్ నంబరు, కింద క్లాసు, స్టేషన్ల పేర్లు, ఆ తర్వాతెప్పుడో బోగీ, బెర్తు. అన్నీ దాదాపు ఒకే సైజు. ప్లాట్‌ఫారం మీద పరిగెత్తేవాడికి కావాల్సింది బోగీ, బెర్తు, ఆ రెండే వెతుక్కోవాలి. ప్రయాణికుడి పేరు ఉండదు, ఆడా మగా, వయసెంత, అంతే! ఇద్దరు అన్నదమ్ములు కలిసి వెళ్తే ఏ బెర్తు ఎవరిదో వయసు చూసి పోల్చుకోవాలి.

రిబ్బన్ మీద సూదులతో కొట్టి చుక్కలు చుక్కలుగా అచ్చేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతి తెలిసిందే కదా, ముందే గళ్లు అచ్చేసిన కాగితం కొంచెం జరిగిందా, అంకెలన్నీ హెడ్డింగుల మీదెక్కి కూర్చుంటాయి, రిబ్బన్ పాతదైతే 3కి 8కి తేడా తెలీదు. ఇంత ఇరుకులోనూ రైల్వేకి ఖర్చులో 57 శాతమే వసూలవుతోందని ఓ లైను ఏళ్ల తరబడి అచ్చేశారు, డబ్బు కట్టి టికెట్ కొన్నాక కూడా ఈ దెప్పుడేంటండీ.

నాకు అన్నిటికంటే పెద్ద లోటు తెలుగు. స్టేషన్ బోర్డు మీద తెలుగుంటుంది, అనౌన్స్‌మెంట్ తెలుగులో వస్తుంది, నేను తెచ్చే రిజర్వేషన్ టికెట్ మీద మాత్రం హిందీ, ఇంగ్లీషే. 2018లోనే కర్ణాటకలో జనరల్ టికెట్ల మీద కన్నడ వేశారు, అంటే చెయ్యలేనిదేం కాదు. అమ్మ కోసం నేను వెనక స్కెచ్ పెన్నుతో బోగీ, బెర్తు పెద్ద తెలుగక్షరాల్లో రాసిస్తా, ఆవిడ ముందు వైపు తిప్పి కూడా చూడదు.

పాత అట్ట టికెట్లు గుర్తున్నాయా? ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషాయన 19వ శతాబ్దంలో తెచ్చిన పద్ధతి అది, అగ్గిపెట్టంత అట్ట మీద ఎక్కడ్నుంచి ఎక్కడికి, క్లాసు, ఛార్జీ, నంబరు, మిషన్లో టక్‌మని కొట్టే తేదీ. రిజర్వేషన్‌కి అది సరిపోదులే, కానీ ఏది పెద్దగా ఉండాలో అది అచ్చేసినవాళ్లకి తెలుసు.

మెషీన్ ఇచ్చే జనరల్ టికెట్ థర్మల్ పేపరు, కొన్నాళ్లకి అక్షరాలు మాయమైపోతాయి, 199 కిలోమీటర్ల లోపైతే 3 గంటల్లోనో, అటు వెళ్లే మొదటి ట్రైన్ బయల్దేరేలోపో, ఏది తర్వాతైతే అప్పటికి ప్రయాణం మొదలుపెట్టాలి కాబట్టి పర్లేదనుకోవచ్చు, ఆఫీసులో బిల్లు పెట్టుకునేవాళ్లు మాత్రం ముందే ఫోటో తీసుకోండి.

వెయిటింగ్ లిస్టులో కొన్న కాగితం, బెర్తు ఖాయమైనా తనంతట తాను మారదు, బోగీలకి చార్టులు అంటించడం కూడా మానేశారు, 139కి ఫోన్ చెయ్యాలి లేదా పీఎన్ఆర్ కొట్టి చూడాలి. అదే ఓ క్యూఆర్ కోడ్ ఉంటే పక్క సీటు కుర్రాడైనా స్కాన్ చేసి చెప్తాడు, ఈ-టికెట్ ప్రింటు మీద ఉందిగా మరి.

మొత్తానికి 5కి 3 ఇస్తా, ఆ 3 కూడా కాగితానికే. బోగీ బెర్తు పెద్దక్షరాల్లో, పేరు, తెలుగు, క్యూఆర్, ఈ నాలుగూ వస్తే మిగతా రెండూ ఇచ్చేస్తా. చోటు చాలదంటారేమో, ఆ 57 శాతం లైనుకి దొరికిన చోటు వీటికి దొరకదా.