తెనాలి చెప్పుల కొట్టు వారి అమ్మాయి లండన్‌లో మోసపోయిన వైనం

మా నాన్నగారు తెనాలిలో ముప్పై ఏళ్ళు చెప్పుల కొట్టు నడిపారు. ఏ జోడు చేతికొచ్చినా ముందు లోపలి అట్టను వేలితో పైకెత్తి చూడాలని, పైన మెరుగు ఎవరైనా పెడతారుగాని లోపల ఎవరూ పెట్టరని చెప్పేవారు. అటువంటి ఇంట పుట్టి కూడా, గత సెప్టెంబరులో ఉత్తర లండన్‌లోని ఒక సంతలో, 1977 నాటి అసలు పంక్ బూట్లన్న (అంటే ఆనాటి ఇంగ్లండులో పాటతో, వేషంతో పెద్దల మర్యాదను ధిక్కరించిన కుర్రకారు తొడిగినవన్న) మాట నమ్మి, రసీదైనా అడగకుండా 95 పౌండ్లు రొక్కంగా సమర్పించుకున్నాను. మన లెక్కలో అది పది వేల రూపాయల పైమాటే.

పంక్ వాళ్ళ పాదరక్షల చరిత్ర ఆనవాళ్ళను చూడాలన్నది నా కోరికే. మావారు టీ దొరికితే చాలన్న మనిషి. అక్కడే ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు దారి చూపడానికి వచ్చాడు. ఎర్ల్స్ కోర్టులో రోజుకు 118 పౌండ్ల గది శుభ్రంగానే ఉంది, దాని గురించి చెప్పుకోవలసినది లేదు.

మర్నాడు 22వ నంబరు బస్సులో, తలకు 1.75 పౌండ్లతో, కింగ్స్ రోడ్డు 430 నంబరు దుకాణం దగ్గర దిగాము. 1971లో, తరువాత పంక్ వేషానికి రూపమిచ్చిన మాల్కమ్ మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్ అక్కడ లెట్ ఇట్ రాక్ అనే పేరుతో వ్యాపారం మొదలుపెట్టి, 1950ల నాటి పొడవు కోట్ల వేషం వేసే టెడ్డీ బాయ్ యువకులు ఇష్టపడే దళసరి క్రేపు సోలు బూట్లను అమ్మారు. వాటికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరులోనే వేశ్యాగృహం ఉంది కనుక నేను మావారికి అర్థం చెప్పలేదు. 1974లో అదే దుకాణం సెక్స్ అని పేరు మార్చుకుని, అంతవరకు రహస్యంగా కొనుక్కునే రబ్బరు దుస్తులను, సూది మడమల బూట్లను నడివీధి అద్దాల్లో పెట్టింది. 1976లో సెడిషనరీస్ అయ్యాక పట్టీలు, బక్కల్సు బిగించిన దుస్తులు దాని గుర్తయ్యాయి. 1980 నుంచి వరల్డ్స్ ఎండ్‌గా ఉన్న ఆ దుకాణం నుదుట పదమూడు గంటల గడియారం వెనక్కు తిరుగుతూ ఉంటుంది. లోపల నేల ఓడ మీది చెక్కల్లా వాలుగా ఉంటుంది. అక్కడి ధరలు నా వంటి వారికి కావు, అయితే చూసినందుకు ఎవరూ డబ్బు అడగలేదు, కసురుకోనూ లేదు. ఆ గడియారం మావారికి తెగ నచ్చింది. మన పెళ్ళి ముహూర్తం దీన్ని చూసే పెట్టి ఉంటారని అన్నారు.

ఆ మరునాడు సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు వెళ్ళాము. ప్రవేశం ఉచితం. 1993లో పారిస్ ప్రదర్శనలో మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ తొడుక్కుని, జారిపడి, నవ్వుతూ లేచిన వెస్ట్‌వుడ్ ఎత్తు బూట్లు ఈ మ్యూజియం సేకరణలోనివే. పీటంత ఎత్తున్న ఆ అడుగును తలుచుకుంటే, పంక్ దుకాణంలో మొదలైన ఆమె పట్టుదల పదిహేడేళ్ళ తరువాత కూడా సౌఖ్యంతో రాజీపడలేదని అర్థమవుతుంది.

నా మనసు దోచినది మాత్రం నార్తాంప్టన్. లండన్‌లోని యూస్టన్ స్టేషను నుంచి రైలులో గంట ప్రయాణం. ముందుగా కొన్నందువల్ల ముగ్గురికి రానుపోను 54 పౌండ్లు అయింది. 1642లో ఇంగ్లండు పార్లమెంటు సైన్యానికి బూట్లు కుట్టిన ఊరది. అక్కడి ఫుట్‌బాల్ జట్టును ఈనాటికీ చెప్పులు కుట్టేవారనే అభిమానులు పిలుస్తారు. ఆ మాటను తిట్టుగా కాక గర్వంగా పలికే ఊరిని చూడటం, మా నాన్నగారి వృత్తిని చిన్నచూపు చూసిన బంధువుల మధ్య పెరిగిన నాకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను. గిల్డ్‌హాల్ రోడ్డులోని మ్యూజియంలోనూ టికెట్టు లేదు. గదుల్లో పాదరక్షలే పాదరక్షలు. నేను మూడు గంటలున్నాను, మావారు బల్ల మీద కునుకు తీశారు.

పంక్ వాళ్ళ డాక్టర్ మార్టెన్స్ బూట్ల పుట్టినిల్లు ఆ జిల్లాలోనే వొలాస్టన్ గ్రామం. క్లౌస్ మేర్టెన్స్ అనే జర్మన్ వైద్యుడు 1945లో మంచుమీద జారి కాలు దెబ్బ తగిలించుకుని, నొప్పి లేకుండా నడవడానికి గాలి నింపిన సోలును తయారు చేసుకున్నాడు. వొలాస్టన్‌లో బూట్లు చేసే గ్రిగ్స్ కుటుంబం దాని హక్కులు కొని, పసుపు దారపు కుట్టు వేసి, 1960 ఏప్రిల్ 1న ఎనిమిది కన్నాల బూటును విడుదల చేసింది. తేదీయే మోడలు సంఖ్య అయి 1460 అని నిలిచింది. ఫ్యాక్టరీ కార్మికులు, తపాలా బంట్రోతులు తొడుక్కున్న ఆ పనిముట్టునే స్కిన్‌హెడ్లు అనే గుండు కొట్టించుకున్న కుర్రాళ్ళు, వారి తరువాత పంక్ యువకులు ధిక్కారానికి గుర్తుగా మార్చారు. కొత్త డిజైను ఏదీ గీయకుండా, పనివాడి బూటును పెద్దింటి వీధిలో తొడుక్కుని తిరగడంతోనే ఎదుటివారి ముఖం మాడేట్టు చేయగలిగారన్నదే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

2003లో ఆ కంపెనీ తయారీలో అత్యధిక భాగం ఆసియాకు తరలిపోయిందని తిరుగు రైలులో మా వాడు ఫోనులో చదివి వినిపిస్తుంటే నా గుండె ఎందుకో ఝల్లుమంది. కుట్టు పోల్చి చూద్దామని వెంట తెచ్చుకున్న సంచిలోంచి, 1977 నాటివని నాకు అంటగట్టిన ఆ డాక్టర్ మార్టెన్స్ బూట్లను తీసి, నాన్నగారు చెప్పినట్టు, నాలుగు రోజులు ఆలస్యంగా, లోపలి అట్టను వేలితో లేపాను. థాయిలాండ్‌లో తయారైందని స్పష్టంగా ముద్ర ఉంది. ఇక పైన తెల్లరంగుతో రాసిన నినాదాలు ఎవరు రాసారో, ఎప్పుడు రాసారో అడగనక్కరలేదు. "పెద్దమ్మా, బేరం ఆడుతున్నప్పుడే నీకు చెబుదామనుకున్నాను" అన్నాడు మా వాడు. ఆ మాట నాకు మోసం కంటే ఎక్కువ మండింది.

మరునాడు ఆ సంతకు వెళితే, నాకు బూట్లు అమ్మిన బల్ల మీద ఫోను తొడుగులు అమ్ముతున్నారు. సంతల్లో పాతవని చెప్పే పంక్ బూట్లు కొనవద్దు. తప్పదనుకుంటే లోపలి ముద్ర చూడండి, కార్డుతో చెల్లించండి, రసీదు పట్టండి.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సామాను బరువు దాదాపు రెండు కిలోలు ఎక్కువ తేలింది. మావారు మారుమాట లేకుండా తమ చెప్పులు సంచిలో పెట్టి, ఆ బూట్లు తొడుక్కున్నారు. అవి ఆయన పాదానికి కుదురుగా సరిపోయాయి. తనిఖీలో విప్పమన్నప్పుడు ఎనిమిదేసి కన్నాల లేసులు ఊడదీయడానికి పది నిమిషాలు పట్టింది, వెనుక వరుసలో వారు గొణుగుతున్నా ఆయన తొణకలేదు.