పేలియో డైట్ బాక్స్: రుచి ఓకే, స్టిక్కర్ మీద కథ మాత్రం తప్పు

మాగుంట లేఅవుట్‌లో కొత్తగా పెట్టిన చోట నుంచి పేలియో బాక్స్ (రాతియుగం మనుషుల తిండి లాంటిదని చెప్పే డైట్) తెప్పించా, మటన్ మెత్తగా ఉడికింది, మిరియాల ఘాటు సూపరు, పార్సిల్ కూడా కారలా. కానీ డబ్బా మీద "నియాండర్తల్ మనిషి మాంసం తప్ప ఏమీ తినేవాడు కాదు" అని స్టిక్కరేశారు చూడండి, అక్కడ మండింది నాకు.

నియాండర్తల్‌లు, అంటే మనకు దగ్గరి చుట్టాలైన, ఎప్పుడో అంతరించిపోయిన ఆదిమానవులు, వాతావరణాన్ని బట్టి తిన్నారబ్బయా! జర్మనీలో న్యూమార్క్ నార్డ్ దగ్గర సుమారు 1,25,000 ఏళ్ళ కిందట, వెచ్చగా ఉండి అడవులు పెరిగిన టైంలో, 10 టన్నులు దాటే ఏనుగుల్ని కూడా కొట్టారు, తర్వాత చలి ముదిరి చెట్లు తగ్గి గడ్డి మైదానాలు మిగిలాక అదే దేశంలో సాల్జ్‌గిట్టర్ దగ్గర రెయిన్‌డీర్ మందల మీద పడ్డారు. పోర్చుగల్ తీరంలో ఫిగెయిరా బ్రావా గుహలో అయితే పీతలు, గుల్లలు, చేపలు, పైన్ గింజలు, అంటే సముద్రం పక్కనున్నోడు మన నెల్లూరోడి లాగే తిన్నాడు. ఇరాక్ షానిదార్ గుహలో దొరికిన వాళ్ళ పళ్ళ గారలో ఉడికించిన గింజల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి.

ఈ డబ్బాలో గింజా లేదు, చేపా లేదు. పైగా ఉత్త మాంసానికి ఈ రేటు ఎక్కువే. మైపాడు పీతలు కలిపితే మళ్ళీ ఆర్డర్ పెడతా, ఇప్పటికి 3 స్టార్లు.