సిలికాన్ వ్యాక్యూమ్ బ్యాగ్: వంపు పీసుల మీద మూడేండ్లు వాడినంక నాకు తెలిసింది

మిర్యాలగూడ అవతల మాదొక చిన్న ఫైబర్ షెడ్డు, నేను, ఇద్దరు పోరగాళ్లు, అంతే. చుట్టు రైస్ మిల్లులే కాబట్టి పని కూడ ఎక్కువ వాళ్లదే, తౌడు లాగే బ్లోవర్ పైపులకు బెండ్లు, కవర్లు, గసుంటియి. బెండు లోపల నున్నగ ఉండాలె, లేకుంటే తౌడు పేరుకపోతది, అందుకే మేల్ మోల్డ్ (పైన బట్ట పరిచే ఉబ్బు అచ్చు) మీద రెండు సగాలు తీసి అతుకుతం. మోల్డ్ వైపు అద్దం లెక్క వస్తది, మా బాధంత బయటి వైపే.

రెసిన్ (గట్టిపడే జిగురు) తోని తడిపిన ఫైబర్ బట్ట పొరల మీద సంచి లెక్క కప్పి పంపుతోని గాలి లాగితే పొరలు మోల్డుకు గట్టిగ ఒత్తుకుంటయి, ఆ కప్పే సంచే వ్యాక్యూమ్ బ్యాగ్. ఇంతకుముందు దానికి నైలాన్ ఫిల్మ్ వాడేది. ఫ్లాట్ షీటుకు అది బంగారం. వంపు కాడికొచ్చేసరికి మిగిలిన ఫిల్మ్ మడత పడతది, పంపు లాగంగనే ఆ మడతలకు రెసిన్ ఎక్కి ఎండినంక ఎముక లెక్క నిలవడతది. ఒక్కో బెండుకు గంట గ్రైండింగు, ఆ దుమ్ము మెడకంటి రాత్రంత దురద, ఈ పని చేసినోళ్లకే తెలుస్తది. మల్ల ఫిల్మూ టేపూ ఒక్కసారికే, తర్వాత చెత్తలకే.

మూడేండ్ల కింద బ్రష్ తోని పూసే ప్లాటినం రకం (ప్లాటినం తోని గట్టిపడే) సిలికాన్ తెచ్చి మా 200 మిల్లీమీటర్ల బెండుకు సొంతంగ బ్యాగ్ చేసుకున్న. మొదటిది ఖరాబైంది, తప్పు నాదే. పీసు మందానికి సరిపోయేటట్టు మోల్డ్ మీద పెట్టిన క్లేల గంధకం ఉన్నది, పైగ పోరడు లాటెక్స్ గ్లౌజులేసుకొని పూసిండు, ఈ రెండింట్ల ఏది తగిలినా ప్లాటినం సిలికాన్ గట్టిపడదు, మూడు రోజులైనా తేనె లెక్క జిగటగనే ఉండె. రెండోసారి గంధకం లేని క్లే, నైట్రైల్ గ్లౌజులు, మూడు పూతలు, మొత్తం 3 మిల్లీమీటర్ల మందం. ఆ బ్యాగే ఇప్పటికి 200 దాక పీసులు తీసింది.

బ్యాగ్ మడతలు ఆ రోజుతోనే ఖతం. అది పుట్టిందే మోల్డ్ ఆకారంల కాబట్టి మిగిలేదేమీ ఉండదు, జర అటిటు ఉన్నా సాగి కూసుంటది. పంపు గేజు (పాదరసం లెక్కల) 28 ఇంచులు చూపెట్టిందంటే చదరపు మీటరుకు తొమ్మిదిన్నర టన్నుల బరువు పడ్డట్టు, అంత బరువు వంపుల కూడ సమానంగ పడుడు నైలాన్ తోని నేనెన్నడు చూడలె.

కానీ ముడతలు పోయినయా అంటే పోలె! బయటికి నున్నగనే కనపడ్తుండె, లోపల బట్టనే అలలు అలలుగ. రెండు నెలలు బ్యాగునే తిట్టుకున్న, అమ్మినాయనతోని ఫోన్ల లొల్లి కూడ పెట్టుకున్న. ఆఖరికి ఒక పీసును అడ్డంగ కోసి చూస్తే అప్పుడు అర్థమైంది, ఇవి వేరే ముడతలు, వీటికీ బ్యాగుకూ సంబంధం లేదు.

లెక్క సీదా ఉన్నది. మేము పరిచిన పొరలు వదులుగ ఉన్నప్పుడు 12 మిల్లీమీటర్ల మందం, పంపు లాగినంక 8. అంటే పైపొర 4 మిల్లీమీటర్లు లోపలికి దిగింది. సగం పైపు అంటే 180 డిగ్రీలు, 4 ని 3.14 తోని గుణిస్తే 12 మిల్లీమీటర్ల పైన బట్ట మిగిలిపోయింది, అది ఎటు పోవాలె? అంచులు వదులుగ ఉంటే బయటికి జరుగుతది. మేమేమో కదలొద్దని రెండు పక్కల టేపు గుంజి కొట్టినం, ఇగ అది లోపలనే లేచి కూసున్నది. గట్టిగ పట్టుకుంటే ముడత రాదనుకున్నం, గట్టిగ పట్టుకునుడే ముడతకు కారణం. ఫిమేల్ మోల్డ్ (గుంట అచ్చు) అయితే దీనికి ఉల్టా, అక్కడ బట్ట తక్కువపడి మూలకు అంటక వంతెన లెక్క ఆగుతది, కింద ఒట్టి రెసిన్ నిండుతది.

ఇప్పుడు నడిమిట్ల ఒక్క కాడ పట్టుకొని అక్కడి నుంచి అంచుల దిక్కు ఒత్తుకుంట పోతున్నం, మూడు పొరలకు ఒకసారి చిల్లుల ఫిల్మ్ వేసి బ్యాగ్ కప్పి ఐదు నిమిషాలు లాగి మల్ల తీస్తున్నం. బ్యాగ్ అసలు విలువ నాకు ఇక్కడ తెలిసింది. నైలాన్ తోనైతే ఒక్క పీసుకు నాలుగు సార్లు టేపు వేసి సీల్ చేసుడు ఎవరి తరం, ఇది కప్పి అంచులు ఒత్తితే నిమిషంల గేజు లేస్తది. ఎపాక్సీ రెసిన్ల కలిపే స్లో హార్డ్‌నర్ (నిదానంగ గట్టిపరిచే మందు) లేకుండ మాత్రం ఇది చెయ్యకుండ్రి, వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిన్ గట్టిపడకుండ ఆగే టైము సగమైతది, మే నెలల మా షెడ్డుల పొద్దుగాల ఐదింటికే కలుపుడు మొదలు పెడతం.

ఇంకో ముడత ఉండె, బెండు కడుపుల. 90 డిగ్రీలు తిరిగే 200 బెండుకు నడిమి రేడియస్ 300 పెట్టుకుంటే వీపు వైపు అంచు 628 మిల్లీమీటర్లు, కడుపు వైపు 314, సరిగ్గ సగం. నిలువు అడ్డం పోగులతోని ఉన్న బట్ట అక్కడ కుచ్చుళ్లు పడకుండ ఎట్లుంటది? మా ఇంటామె జాకెట్లు కుడతది, సద్ది ఇయ్యనీకొచ్చి చూసి "గిది క్రాస్ కటింగ్ చెయ్యరాదా, చంక కాడ మేము చేసేది గదే గద" అన్నది. నిజమే, 45 డిగ్రీలకు తిప్పి కోస్తే పోగులు కత్తెర లెక్క మూసుకుంట వంపు తిరుగుతయి. చదరపు మీటరుకు 600 గ్రాముల ప్లెయిన్ రోవింగ్ (మామూలు నేత ముతక ఫైబర్ బట్ట) మానేసి ట్విల్ (ఏటవాలు గీతల నేత) తెచ్చినంక ఇంకా నయమైంది. దానికీ ఒక హద్దు ఉంటది, పోగులు ఒకదానికొకటి ఇరుక్కున్నంక ఎంత ఒత్తినా లేస్తది, అక్కడ మొండికి పోకుండ కత్తెరతోని చీరి ఒకదాని మీదొకటి ఎక్కిస్తున్నం, ఒక పొరల చీరిన కాడ ఇంకో పొరల చీరకుండ.

నచ్చనివి కూడ చెప్తా. పాలిస్టర్ రెసిన్ల స్టైరీన్ సిలికానును తినేస్తది, మొదట్ల సస్తాగ వస్తదని పాలిస్టర్ తోనే ఇరవై పీసులు తీసిన, ఒక మూల ఉబ్బి చిరిగింది. అతుకు వెయ్యాల్నంటే అదే సిలికాన్ కావాలె, ఇంక ఏ గమ్మూ అంటదు. పీసు మీద సిలికాన్ అంటితే పెయింట్ చేప కన్నుల లెక్క విడిపోతది, పీల్ ప్లై (పీసు మీద వేసి ఎండినంక పీకేసే బట్ట) వెయ్యకుండ నడవదు. కరెంటు పోతే పంపు ఆగి గాలి ఎనకకు వస్తది, 50 రూపాయలకు చూసుకొని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టకపోతే ఒక పీసు పోయింది. అన్నిటికంటె పెద్దది, ఒక్క ఆకారానికి ఒక్క బ్యాగే.

ఐదారు పీసుల ఆర్డరుకైతే తీసుకోకుండ్రి, నైలాన్ ఫిల్మ్ చాలు, గ్రైండర్ ఉన్నది గద. మా 300 మిల్లీమీటర్ల బెండుకు పోయిన వారమే రెండో బ్యాగ్ పూసినం, ఈసారి గ్లౌజులు నేనే కొనుక్కొచ్చి పోరని చేతుల పెట్టిన.