జాగ్రత్త: ష్పెట్స్‌లె మేకర్ అని చెప్పి తురుముపీటలు అంటగడుతున్నారు

దక్షిణ జర్మనీలో, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ష్వాబియా ప్రాంతంలో చేసుకునే గుడ్ల నూడుల్స్‌ని ష్పెట్స్‌లె అంటారు. 2012 నుంచి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాటిని ఇంట్లో చేసుకోవాలని ఆన్‌లైన్‌లో పరికరం వెతికేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

ఎక్కువగా కనిపించేది పట్టాల మీద జరిగే డబ్బా ఉన్న రేకు. మరుగుతున్న గిన్నె మీద పెట్టి, డబ్బాలో పిండి పోసి ముందుకీ వెనక్కీ జరిపితే కన్నాల్లోంచి నీళ్లలో పడాలి. చవక రకాల్లో కన్నాలు మరీ చిన్నవి. పిండి దిగడం ఆలస్యమయ్యేకొద్దీ కింద నుంచి ఆవిరి తగిలి గుడ్డు అక్కడే గట్టిపడుతుంది. రెండో విడతకే కన్నాలు పూడుకుపోతాయి. పెన్సిల్ దూరేంత కన్నం ఉంటేనే తీసుకోండి. కొలత రాయని అమ్మకందారుని అడగండి, చెప్పకపోతే వదిలేయండి. కన్నాల అంచులు పైకి లేచి ఉంటే అది కూరగాయల తురుముపీటే, పేరు మార్చారంతే.

రేకు పల్చనైతే డబ్బా బరువుకి మధ్యలో వంగుతుంది. డబ్బాకీ రేకుకీ మధ్య సందు ఏర్పడి పిండి పక్కలకి కారి పొయ్యి మీద మాడుతుంది. పొడవు కూడా చూసుకోండి. మీ గిన్నె మూతి కంటే నాలుగు వేళ్లు ఎక్కువ ఉండాలి, కొసన గిన్నె అంచుకి తగులుకునే గాడి ఉండాలి. గాడి లేకపోతే రేకు జారి మరిగే నీళ్లలో పడుతుంది, చెయ్యి కాలుతుంది. ప్లాస్టిక్‌వి అసలొద్దు. అయస్కాంతం అంటుకుంటే స్టీల్ కాదనుకోవద్దు, అంటుకునే స్టెయిన్‌లెస్ రకాలూ ఉన్నాయి.

రెండో రకం ప్రెస్, మన జంతికల గొట్టానికి అన్న వరస. పోత పోసిన అల్యూమినియంది కొంటే పిడి దగ్గర అతుకు చూడండి, పిండి గట్టిగా ఉంటే విరిగేది అక్కడే. పూత లేని అల్యూమినియాన్ని డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడి చేతికి మసి అంటుతుంది.

ఒకసారి పిండి తగిలితే అమ్మినవాళ్లు వాపసు తీసుకోరు. అందుకే పెట్టె తెరిచాక కడగకముందే ఖాళీ గిన్నె మీద పెట్టి డబ్బాని ఇరవైసార్లు జరిపి చూడండి. పట్టుకున్నా, పక్కకి తప్పినా ఫోటో తీసి పంపేయండి.

నింద పరికరానిదా పిండిదా తేలాలంటే కొలత సరిగ్గా ఉండాలి. 400 గ్రాముల మైదా, 4 గుడ్లు, ఒక చెంచా ఉప్పు, 120 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు. జర్మనీలో మధ్యరకం గుడ్డు 53–63 గ్రాములుంటుంది, మీ దగ్గర చిన్నవైతే 5 వేయండి. మైదాలో 100 గ్రాములు తగ్గించి సన్న బొంబాయి రవ్వ కలిపితే కొరుకుడు బాగుంటుంది. నీళ్లు ఒకేసారి పోయకండి. బుడగలు వచ్చేదాకా చెక్క గరిటెతో కొట్టి అరగంట నాననివ్వాలి. గారెల పిండి కంటే జారుగా, గరిటె ఎత్తితే తెగకుండా సాగుతూ దిగాలి. ప్రెస్‌కైతే కాస్త గట్టిగా. ఉప్పు నీళ్లు కుతకుతలాడకుండా సన్నగా మరుగుతుండాలి, పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీసేయండి.

కడిగేటప్పుడు వేడినీళ్లు తగలనివ్వద్దు, కన్నాల్లో మిగిలింది ఉడికి అతుక్కుపోతుంది. చన్నీళ్లలో నానబెడితే ఊడి వస్తుంది.

ఇంట్లో బూందీ గరిటె ఉంటే ముందు దానితో చూడండి. పిండిలో రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోసి గరిటె వెనకతో నొక్కితే గుండ్రటి ముక్కలు పడతాయి. ష్వాబియాలో వాటిని క్నొప్ఫ్లె అంటారు. పొడుగ్గా కావాలంటే తడిపిన చెక్క పలక మీద పల్చగా పరిచి, పొడుగాటి చాకుతో సన్నగా నీళ్లలోకి గీకేయడమే. అక్కడివాళ్లు మెచ్చేది కూడా ఆ చేతి గీకుడే.