పంపింగ్ తగ్గిన గుండెకు పల్స్ వాచీ, ఛాతీ పట్టీ: చాలాకాలం వాడాక

నాకు గుండె పంపింగ్ తక్కువ. ఎకో అనే గుండె స్కానింగ్‌లో ఆ పంపింగ్ అంకె 35 శాతం దగ్గరే తిరుగుతోంది. గుండె జబ్బంటే మంచం దిగకూడదని మా అత్తగారి నమ్మకం. శ్రీకాకుళంలో చూసే డాక్టరుగారు మాత్రం రోజూ నడవమన్నారు. 2009లో వచ్చిన హెచ్ఎఫ్-యాక్షన్ అనే పెద్ద అధ్యయనంలో నాలాంటి 2331 మందిని చూసి, పద్ధతిగా చేస్తే వ్యాయామం ప్రమాదం కాదని తేల్చారట. డాక్టరుగారు చెప్పినప్పటినుంచి మా ఊరు పర్లాకిమిడిలో కోట వైపు పొద్దుటి నడకకు చేతికి పల్స్ వాచీ పెట్టుకుంటున్నాను. తర్వాత ఛాతీకి కట్టుకుని పల్స్ చూసే పట్టీ కూడా కొన్నాను.

వస్తువులు మంచివే. వాటిలో ఉన్న లెక్కే మన కోసం వేసింది కాదు.

వాచీ 220 లోంచి వయసు తీసేస్తుంది. నాకు 58 కాబట్టి 162. అందులో 60 నుంచి 70 శాతం, అంటే 97 దాటితే తప్ప నడకని వ్యాయామంగా లెక్కపెట్టదు. నేను కూర్చుంటే 62, గట్టిగా నడిస్తే 88. ఆ 88కే మాట తెగి తెగి వస్తుంది. వాచీలో మాత్రం ఇంకా ‘వార్మప్’ అనే ఉంటుంది. దాన్ని చూసి వేగం పెంచకండి.

మామూలు మనిషి నడక పెంచితే గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరుగుతుంది, నిమిషానికి కొట్టుకునే దెబ్బలూ పెరుగుతాయి. మనకు మొదటిది పెద్దగా పెరగదు, రెండోదీ తడబడుతుంది. గుండె బలహీనపడ్డాక ఒంట్లో అడ్రినలిన్ జాతి హార్మోన్లు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. రోజంతా కేకలు వేసే ఇంట్లో అవసరమైన కేకకు ఎవరూ లేవనట్టు, గుండె వాటికి స్పందించడం తగ్గించేస్తుంది. దానిమీద కార్వెడిలాల్, మెటోప్రొలాల్, బైసొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు. అవి పల్స్‌ని ఇంకా అదుపులో పెడతాయి. పల్స్ పెరగట్లేదని టెన్షన్ పడి మాత్ర మానేసేవాళ్లు ఉన్నారు. దయచేసి మానకండి, మన ఆయుష్షు పెంచే మందుల్లో అవి ముఖ్యమైనవి.

మరి ఎంత నడవాలి? బోర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త మనకు ఎంత శ్రమగా అనిపిస్తోందో దానికి 6 నుంచి 20 దాకా అంకెలు పెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 13 అంటే పల్స్ 130 దగ్గర ఉంటుందని ఆయన లెక్క. మనకు ఆ 130 వర్తించదు, 13 వర్తిస్తుంది: కాస్త కష్టంగా ఉన్నా పక్కవాళ్లతో మాట్లాడగలగడం. నాకు డాక్టరుగారు 11–13 మధ్య ఉండమన్నారు. వాచీలో గురి చూపే బొమ్మ ఆపేశాను.

అయినా వాచీ తీసెయ్యలేదు, రెండు అంకెల కోసం. ఒకటి, లేచీ లేవగానే చూసే పల్స్. వేసవిలో మా వైపు పఖాళ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం, తప్పదు. ఉప్పేసుకుని, పక్కన ఎండుచేపతో తిన్న వారంలో ఉప్పుకి ఒంట్లో నీరు చేరి పొద్దుటి పల్స్ పైకి పోతుంది, వెంటనే బరువు కూడా. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి, వాచీ ఏం చూపించినా సరే. రెండోది, నడక ఆపిన నిమిషానికి పల్స్ ఎంత దిగిందన్నది. ట్రెడ్‌మిల్ పరీక్షలో 12 లేదా అంతకన్నా తక్కువ దిగితే మంచిది కాదంటారు. నాకు మొదట్లో ఏడెనిమిది దిగేది, ఇప్పుడు పద్నాలుగు దాకా దిగుతోంది. ఎకో అంకె కదలకపోయినా ఇది కదిలింది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

చేతి వాచీ చర్మంలోకి పచ్చ వెలుగు పంపి రక్తం కదలికను చదువుతుంది. చలికాలం చేతులు చల్లబడితే తప్పు చూపిస్తుంది. గాజులు తగిలినా అంతే. గాజులకు తగలకుండా మోచేతి వైపుకి జరిపి, బిగుతుగా పెట్టుకోవాలి. మా ఆడపడుచుకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, ఉంది; ఆవిడ చేతికి పెడితే అంకెలు గెంతుతూనే ఉంటాయి. ఛాతీ పట్టీ గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి నడకలో దాని అంకే నమ్ముతాను. జాకెట్టు కింద ఇముడుతుంది, ముందు నీళ్లతో తడపాలి. ఏప్రిల్, మే ఉక్కలో దద్దు వస్తుంది, రోజూ ఉతకాలి. వాచీ ఛార్జర్ పాడైతే మా ఊళ్లో దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించుకున్నాం.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు బరువు చూసే మిషన్ కొనండి, తర్వాత బీపీ మిషన్, ఆ తర్వాతే ఇవి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పట్టీ కొనేముందు డాక్టరుని అడగండి.