హీట్ గన్ రివ్యూ: మడ్‌గార్డుకు భేష్, పెట్రోల్ ట్యాంకు దగ్గరికి మాత్రం వద్దు

రెండు వేసవులు ఎండలో నిలబడ్డ బండి మీద రేడియం స్టిక్కర్ గోటితో పీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, జిగురంతా పెయింటుకే ఉండిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ఇచ్చే 2000 వాట్ల రెండు స్పీడుల హీట్ గన్ (వేడిగాలి ఊదే మెషిన్) సరిగ్గా ఈ పనికి పనికొస్తుంది. మడ్‌గార్డు, కారు డోరు, డిక్కీ మీది పేర్లు తీయడానికైతే ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. సెల్‌ఫోన్‌కీ, చొక్కాలకీ కూడా ఇదే సరిపోతుందనుకుని కొంటే రెండుకు మించి ఇవ్వలేం.

ఇలాంటి గన్‌లో మొదటి స్పీడు సుమారు 350 డిగ్రీలు, రెండోది 550 దాకా వెళ్తుంది. జిగురు మెత్తబడడానికి 60, 70 డిగ్రీలు చాలు. రెండో స్పీడు పాత పెయింటు గీకడానికి పెట్టింది, స్టిక్కర్ పనిలో దాని జోలికి పోకూడదు. మొదటి స్పీడులోనే మూతిని జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ తిప్పుతుండాలి. పది, పదిహేను సెకన్ల తర్వాత గాలి పక్కకు తిప్పి రేకు మీద వేలు పెడితే చురుక్కుమనాలి, కాలకూడదు. అప్పుడు ఒక మూల లేపి, స్టిక్కర్‌ను దాని మీదకే మడిచినట్టుగా వెనక్కి, నెమ్మదిగా లాగాలి. నిట్టనిలువుగా పైకి లాగితే జిగురు విడిపోయి పెయింటు మీదే మిగిలిపోతుంది. ప్లాస్టిక్ ప్యానెల్ అయితే దూరం రెట్టింపు చేయాలి. ఒక్క క్షణం ఆగినా ప్యానెల్ వంకర పోతుంది, మళ్ళీ సరికాదు.

పెట్రోల్ ట్యాంకు మీది స్టిక్కర్‌కు ఈ గన్ అసలు వాడొద్దు. మూత బిగించినా ఆవిరి బయటికి వస్తుంటుంది, గన్ లోపల తీగ ఎర్రగా కాలుతుంటుంది. అక్కడ వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు రెండు మూడుసార్లు వేస్తే చాలు. ముందు స్టిక్కర్ అంచు మీద గోరు పెట్టి చూడాలి. గోటికి అంచు తగలకపోతే స్టిక్కర్ పైనుంచి లాకర్, అంటే రంగులేని మెరుపు పూత, వేసేశారన్నమాట. అది పెయింటు పాడుచేయకుండా రాదు, వదిలేయడమే మంచిది.

కారు డిక్కీ మీది అక్షరాలకు గన్‌తో పాటు గాలానికి కట్టే నైలాన్ దారం కావాలి. కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరపు ఊళ్ళున్న జిల్లాల్లో అది దొరక్కపోవడమేమీ ఉండదు. అక్షరం వెనక ఉండేది ఫోమ్ టేపు. వేడి పట్టించి, దారాన్ని అక్షరం వెనక్కి దూర్చి, రెండు చేతులతో రంపం లాగినట్టు అటూ ఇటూ లాగితే ఫోమ్ మధ్యకి తెగుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే పెయింటు చిట్లుతుంది. దారం ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకూడదు, కొన్ని గుర్తులకు వెనక పిన్నులుండి రేకు కన్నాల్లో దిగి ఉంటాయి. తీశాక అక్కడి రంగు చుట్టుపక్కల కన్నా ముదురుగా కనిపిస్తుంది. ఎండ తగలని పెయింటు అది. పెయింటును రుద్ది మెరుగు పెట్టే పేస్టు, రబ్బింగ్ కాంపౌండ్‌తో తేడా కొంత తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

మిగిలిన జిగురుకు నీలగిరి తైలం రాసి ఐదు నిమిషాలు నాననిచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి సబ్బునీళ్ళతో కడగాలి. పెట్రోల్, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే అసిటోన్ వద్దు. హెల్మెట్ అద్దానికీ హెడ్‌లైటు మూతకీ అవి తగిలితే మసకబారి పగుళ్ళిస్తాయి. తైలమైనా, స్పిరిటైనా రేకు పూర్తిగా చల్లారాకే వాడాలి. రెండూ అంటుకునేవే.

సెల్‌ఫోన్ వెనక అద్దం జిగురు కూడా ఈ వేడికే మెత్తబడుతుంది. కానీ ఈ గన్‌కు 350కి తక్కువ స్పీడే లేదు, అద్దం కిందే లిథియం బ్యాటరీ ఉంది. 60 డిగ్రీలు దాటితే ఆ బ్యాటరీకి ప్రమాదం. ఆ పని వేడి లెక్క చూపే హీట్ ప్యాడ్ ఉన్న మొబైల్ షాపుకే ఇవ్వాలి. ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీది చిన్న పార్టులకైతే ఈ గాలి జోరు మరీ ఎక్కువ, తీయాల్సినదానితో పాటు పక్కవీ ఎగిరిపోతాయి.

టీషర్టు మీది బొమ్మ తీయడానికి ఇస్త్రీపెట్టే నయం. అంచులో పొరలా లేస్తుంటే అది ట్రాన్స్‌ఫర్, అంటే వేడితో అతికించిన బొమ్మ: కాటన్ అయితే బట్ట తిరగేసి వెనక నుంచి వేడి పెట్టి, వేడిమీదే పట్టకారుతో లాగాలి. పాలిస్టర్‌కు ఇస్త్రీ సన్నని వేడిలోనే ఉంచాలి, లేకపోతే బట్ట మెరుపు తేలి ముడుచుకుంటుంది. పొర లేవకుండా రంగు దారాల్లోకే ఇంకిపోయి ఉంటే ఏ వేడికీ రాదు.

కొనేముందు ఇంట్లో సాకెట్ చూసుకోండి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపులు. ఫ్యాను, లైటు పెట్టే చిన్న సాకెట్ కాలిపోతుంది, గీజర్‌కు వాడే పవర్ ప్లగ్ కావాలి. సాయంత్రం వోల్టేజి 190కి పడితే పవర్ 1,400 వాట్ల లోపుకే దిగుతుంది. అప్పుడు రెండో స్పీడుకు మార్చేయకుండా ఇంకో పది సెకన్లు ఎక్కువ తిప్పండి.